మనియార్డరు ఎవరి చేతికి అందింది? – డిస్కులుగా వచ్చిన సెంబేన్ చిత్రాలు

ఫ్రెంచి సాహిత్య లోకంలో నవలా రచయితగా పేరు స్థిరపడిన తర్వాత, ముప్పై తొమ్మిదో ఏట, ఉస్మాన్ సెంబేన్ మాస్కో వెళ్ళి కెమెరా పట్టటం నేర్చుకున్నాడు. ఇది 1962 నాటి సంగతి. గోర్కీ స్టూడియోలో మార్క్ దాన్‌స్కోయ్ దగ్గర శిష్యరికం చేసి డకారుకు తిరిగొచ్చాడు. సినిమా మోజు అతన్ని అటు నడిపించలేదు. తను ఎవరి బతుకులు రాస్తున్నాడో ఆ రేవు కూలీలూ, రైలు కార్మికులూ, బండివాళ్ళూ తన పుస్తకంలో ఒక్క పేజీ కూడా చదవలేరు. చదవగలిగినవాళ్ళు ఎక్కువమంది ప్యారిస్‌లో వున్నారు. ఈ అవమానాన్ని దిగమింగి, వచ్చిన మెప్పులు లెక్కపెట్టుకుంటూ కూచోవటం సెంబేన్‌కు చేతకాలేదు.

ఆ సినిమాలు ఇప్పుడు మరమ్మతు చేసిన ప్రతులుగా, ఇంట్లో చూసుకునే డిస్కులుగా వచ్చాయి. అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ 2017లో ‘నల్లపిల్ల’నూ, 2021లో ‘మందబి’నీ విడుదల చేసింది. 2024లో ‘ఎమితాయ్’, ‘ఖాలా’, ‘చెడ్డో’ – ఈ మూడింటినీ కలిపి ఒకే పెట్టెలో తెచ్చింది. ‘ఈ వారం ఇంట్లో చూడదగ్గవి’ అంటూ సినిమా పేజీలు ఇచ్చే జాబితాల్లో ఇలాంటివి దయ్యాల కథలకూ దొంగా పోలీసు కథలకూ మధ్య ఒక వరుసలో ఇరుక్కుని, మరుసటి వారానికి మాయమవుతాయి. ఆ జాబితాలతో మనకు పనిలేదు. రచయితలూ సాహిత్య విద్యార్థులూ మాత్రం ఒక వారం సాయంత్రాలు ఈ ఐదు సినిమాలకు కేటాయించాలని నా వాదన. ఒక రచయిత తన రచన చేరని చోటికి తనే నడిచి వెళ్ళిన దారి వీటిలో కనిపిస్తుంది. మన సాహిత్యోద్యమం ఏళ్ళ తరబడి సభల్లో చర్చించి తేల్చలేకపోయిన ప్రశ్నలు కొన్ని ఆ దారిలో ఎదురవుతాయి.

మనిషి గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. సెనెగల్ దక్షిణాన కాజమాన్స్ ప్రాంతంలో 1923లో ఒక జాలరి ఇంట్లో పుట్టాడు. బడి నుంచి వెళ్ళగొట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి వలస సైన్యంలో సిపాయిగా పనిచేశాడు. తర్వాత మార్సెయ్ రేవులో కూలీగా మూటలు మోశాడు, యూనియన్‌లో పనిచేశాడు, కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. వెన్నుకు దెబ్బ తగిలి పడుకున్న రోజుల్లో చదువు పట్టుబడింది. 1956లో ‘నల్ల రేవుకూలీ’ నవల వచ్చింది. 1960లో, 1947-48 నాటి డకార్-నైజర్ రైలు కార్మికుల సమ్మె మీద అతని గొప్ప నవల వచ్చింది. ‘దేవుడి కొయ్యముక్కలు’ అని దాని పేరుకు అర్థం. మనుషుల్ని మనుషులని లెక్కపెడితే ఆయుష్షు తగ్గుతుందని అక్కడివాళ్ళ నమ్మకం, అందుకని కొయ్యముక్కలని లెక్కపెడతారు. సమ్మెలో ఆకలికి నిలబడ్డ ఆడవాళ్ళ గురించి అంత బలంగా రాసిన నవలలు ప్రపంచంలో చాలా లేవు. కానీ ఆ నవల ఫ్రెంచిలో వుంది. ఆ ఆడవాళ్ళకు ఫ్రెంచి రాదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫ్రెంచి ప్రభుత్వం 1934లో లవాల్ శాసనం అని ఒకటి చేసింది. ఆఫ్రికా వలసల్లో ఎవరైనా సినిమా తీయాలంటే ముందు కథ అధికారులకు చూపి అనుమతి పొందాలి. అంటే ఆఫ్రికా ముఖాన్ని ఆఫ్రికా మనిషి కెమెరాతో చూడటమే అనుమతి కావలసిన పని. 1960 తర్వాత సెంబేన్ తరం మొదలుపెట్టింది ఈ ఖాళీ నుంచి. వాళ్ళ వెనక పరిశ్రమ లేదు, స్టూడియో లేదు, ఫిల్మ్ కడిగే ల్యాబొరేటరీ లేదు.

మొదట చూడవలసింది ‘బోరోం సారెత్’ (1963). ‘నల్లపిల్ల’ డిస్కులోనే ఇదీ వుంది. నిడివి ఇరవై నిమిషాలు. డకారులో గుర్రబ్బండి తోలుకునే మనిషి ఒక రోజు బతుకు. పొద్దున సంపాదించిన నాలుగు డబ్బులూ, తన పూర్వీకుల శౌర్యాన్ని పొగుడుతూ పాడిన భట్రాజు చేతిలో పోస్తాడు. కడుపు ఖాళీ, కానీ వంశం గొప్పది. చచ్చిపోయిన పసిబిడ్డను శ్మశానానికి తీసుకెళ్ళే తండ్రిని బండెక్కించుకుంటాడు. కాగితాలు సరిగా లేవని ఆ తండ్రిని గేటు దగ్గరే ఆపేస్తారు. మధ్యాహ్నం ఒక దర్జా మనిషి మాటలు నమ్మి, బండ్లు వెళ్ళకూడని తెల్లవాళ్ళ పేటలోకి తోలుతాడు. పోలీసు జరిమానా వేసి బండి లాక్కుంటాడు. యుద్ధంలో సంపాదించిన పతకం కిందపడితే పోలీసు బూటు దానిమీద పడుతుంది. ఉత్తచేతులతో ఇంటికొస్తే భార్య బిడ్డను అతని ఒళ్ళో పెట్టి, ఈ రాత్రికి తింటామని చెప్పి బయటికి వెళుతుంది. ఎక్కడికని సినిమా చెప్పదు. మన కథకులు సాధారణంగా ఇక్కడ మూడు పేరాల కన్నీళ్ళు కారుస్తారు.

‘నల్లపిల్ల’ (1966) కూడా నిడివిలో చిన్నదే, ఒక గంట. ఒక వార్తాపత్రికలో వచ్చిన చిన్న వార్త ఆధారంగా సెంబేన్ ముందు కథ రాశాడు, తర్వాత సినిమా తీశాడు. పిల్లల్ని చూసుకునే పని అని చెప్పి డకారు నుంచి దక్షిణ ఫ్రాన్సుకు తీసుకెళ్ళిన దియువానా అక్కడ వంటమనిషీ, చాకలీ, చాకిరీ యంత్రమూ అవుతుంది. చివరికి స్నానాలతొట్టిలో ప్రాణం తీసుకుంటుంది. కథకూ సినిమాకూ వున్న తేడాలు సాహిత్య విద్యార్థులు పక్కపక్కన పెట్టి చూడాలి. కథ ఆమె చావు తర్వాత, పోలీసులు వచ్చిన ఇంట్లో మొదలవుతుంది. సినిమా ఆమె ఓడ దిగటంతో మొదలవుతుంది. కథలో లేని ముసుగు ఒకటి సినిమాలోకి వచ్చింది. దియువానా తన యజమానులకు ప్రేమగా ఇచ్చిన కొయ్య ముసుగు అది. వాళ్ళు దాన్ని గోడకు తగిలించుకుంటారు. ఆమె చచ్చాక యజమాని ఆ ముసుగునూ జీతం డబ్బునూ తిరిగివ్వటానికి డకారు వస్తాడు. తల్లి డబ్బు ముట్టుకోదు. ఒక చిన్నపిల్లవాడు ఆ ముసుగు మొహానికి పెట్టుకుని అతని వెంట నడుస్తాడు. యజమాని వెనక్కి తిరిగి చూసుకుంటూ, అడుగు వేగం పెంచుకుంటూ పోతాడు. ఒక వస్తువు కానుకగా మొదలై, గోడ మీది అలంకారమై, చివరికి వెంటాడే ముఖంగా ఎలా మారుతుందో మాట లేకుండా చెప్పటం అంటే ఇది. ప్రతీకలు అంటే వాక్యానికి రెండు చొప్పున పోలికలు అనుకునే కవులు ఈ గంట సినిమా రెండుసార్లు చూడటం మంచిది.

ఈ సినిమాలో ఒక లోపం వుంది. ఆ లోపమే సెంబేన్‌ను ముందుకు నెట్టింది. దియువానా మనసులో మాట్లాడుకునే మాటలన్నీ ఫ్రెంచిలో వినిపిస్తాయి, అదీ మరొకరి గొంతుతో. ఆ పిల్లకు చదువు లేదు. తల్లి నుంచి ఉత్తరం వస్తే యజమాని చదువుతాడు. జవాబు కూడా ఆమె చెప్పకుండానే అతనే మొదలుపెడతాడు. నోరు విప్పటానికి తన భాష లేక ఆమె ఆ కాగితం చింపుతుంది. ఇంత పదునైన దృశ్యం తీసినవాడి సినిమాలోనే ఆమె లోపలి గొంతు పరాయి భాషలో వుంది.

‘మందబి’ (1968) దీనికి జవాబు. మనియార్డరుకు ఫ్రెంచిలో వున్న మాట డకారు జనం నోట నలిగి మందబి అయింది. పేరు దగ్గరే సెంబేన్ తను ఎవరి పక్షమో తేల్చుకున్నాడు. ఆఫ్రికా భాషలో తీసిన తొలి కథాచిత్రంగా దీన్ని చెబుతారు, భాష వొలోఫ్. ఫ్రాన్సు నుంచి డబ్బు వచ్చింది గనక ఫ్రెంచి ప్రతి కూడా తీయవలసి వచ్చింది. అయినా బతికింది వొలోఫ్ ప్రతి.

కథ చెప్పటానికి రెండు వాక్యాలు చాలు. ఇబ్రహీమా దియెంగ్ పనిలేని పెద్దమనిషి, ఇద్దరు భార్యలు, ఏడుగురు పిల్లలు. ప్యారిస్ వీధులు ఊడ్చే మేనల్లుడు పంపిన ఇరవై అయిదు వేల ఫ్రాంకుల మనియార్డరు వస్తుంది, అది అతని చేతికి అందదు. అంతే. ఇందులో అతనికి చెందేది రెండు వేలే. మూడు వేలు మేనల్లుడి తల్లికి, ఇరవై వేలు దాచిపెట్టవలసినవి. కానీ మనియార్డరు వచ్చిందని తెలిసిన క్షణం నుంచి పేటంతా అతన్ని ఇరవై అయిదు వేల ఆసామీగా చూస్తుంది. అప్పు అడిగేవాళ్ళు వరస కడతారు. కొట్టువాడు బియ్యం అరువిస్తాడు. డబ్బు ఇంకా పోస్టాఫీసులోనే వుంది, అప్పు మాత్రం ఇంట్లోకి వచ్చేసింది. డబ్బు రాకముందే డబ్బు వల్ల వచ్చే సంబంధాలన్నీ వచ్చి కూర్చోవటం – దీన్ని ఇంత తేటగా చూపించిన రచన నాకు మరొకటి తట్టటంలేదు.

పోస్టాఫీసులో గుర్తింపు కార్డు కావాలంటారు. కార్డుకు జననపత్రం కావాలి. జననపత్రానికి పుట్టిన తేదీ కావాలి. 1900 ప్రాంతాల్లో పుట్టినవాడికి తేదీ ఎవరు రాసిపెట్టారు? ఫోటోలు కావాలి, స్టాంపు కావాలి. ప్రతి కిటికీ దగ్గరా కొంత డబ్బు పోతుంది. ఫోటో తీసేవాడు డబ్బు తీసుకుని ఫోటో ఇవ్వకపోగా ముక్కు పగలగొట్టి పంపిస్తాడు. చదువుకున్న బంధువు జాలిపడి చెక్కు ఇస్తే, దాన్ని మార్చిపెట్టటానికి బ్యాంకులో దళారీ తన వాటా తీసుకుంటాడు. చివరికి మ్బాయ్ అనే మరో బంధువు, సూటూ కారూ వున్న కొత్త తరం వ్యాపారి, తన పేర సంతకం పెట్టించుకుని సొమ్ము తీసుకుంటాడు, జేబుదొంగ కొట్టేశాడని చెబుతాడు. దియెంగ్‌కు ఒక బియ్యం బస్తా, కాస్త డబ్బూ విసిరి పంపిస్తాడు. అంతకుముందే భార్య మెతి, అప్పులవాళ్ళ పోరు పడలేక, డబ్బు దొంగలపాలైందని పేటలో ఒక అబద్ధం పుట్టించింది. ఆ అబద్ధం తర్వాత నిజమైంది, దొంగ మాత్రం బంధువే.

ఇది చూస్తున్నప్పుడు తెలుగు పాఠకుడికి పరాయితనం తోచదు. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బు కోసం కరీంనగర్, నిజామాబాదు జిల్లాల్లో బ్యాంకు గుమ్మాల దగ్గర పడిగాపులు పడ్డ తల్లిదండ్రులకు దియెంగ్ చుట్టమే. పనిచేసి పనిచేసి అరిగిన వేళ్ళకు వేలిముద్ర పడక రేషను ఆగిపోయిన ముసలివాళ్ళకూ చుట్టమే. మనిషి ఎదురుగా నిలబడి వుంటాడు. కాగితం లేదు గనక అతను లేడు. కిటికీ అవతల కూచున్న గుమాస్తా కూడా నల్లవాడే, తన వాడే. వలసపాలకులు వెళ్ళిపోయారు, వాళ్ళ కిటికీ మాత్రం వుంది.

అలాగని సెంబేన్ దియెంగ్‌ను దేవుణ్ణి చెయ్యలేదు. ఇదే నాకు ఎక్కువ నచ్చిన విషయం. దియెంగ్ సోమరి. భార్యల మీద పెత్తనం చలాయిస్తాడు. తిండి మీద యావ, బట్టల మీద మోజు. సినిమా మొదట్లో వీధిలో కూచుని మంగలి చేత గడ్డం గీయించుకుంటూ, ముక్కులో వెంట్రుకలు తీయించుకుంటూ అనుభవించే సుఖం చూడండి. పాత వ్యవస్థ ఇచ్చిన మగ దర్జా అంతా ఆ ముఖంలో వుంది. పీడితుడు పీడకుడు కూడా కావచ్చు, ఇంటి గడప లోపల. మన అభ్యుదయ కథల్లో పేదవాడు పేదవాడు కావటంవల్లే నిష్కళంకుడైపోతాడు. అటువంటి కథ చదివి ధనికులు కూడా కన్నీరు పెట్టుకోగలరు. దియెంగ్‌ను చూసి కన్నీరు పెట్టుకోవటం అంత తేలిక కాదు. మొదట నవ్వొస్తుంది, కోపం వస్తుంది, తర్వాత ఎప్పుడో అతని బూరుగుదూది అంగీ మీద నెత్తురు చుక్కలు పడ్డప్పుడు నవ్వు ఆగిపోతుంది.

ముగింపు గురించి వివాదం వుంది. నిజాయితీ నేరమైన చోట తనూ తోడేలు తోలు కప్పుకుంటానని దియెంగ్ అంటాడు. మనియార్డరు తెచ్చిన పోస్టుమాన్, మనం దీన్ని మార్చుదామని అంటాడు. ఇది నినాదమని శిల్పవాదులు మూతి విరుస్తారు. నా అభిప్రాయం వేరు. పోస్టుమాన్ మాట ఒక్కటే వుంటే వాళ్ళ విమర్శ సరైందే అయ్యేది. కానీ ఆ మాట దియెంగ్‌ను ఒప్పించినట్టు సెంబేన్ ఎక్కడా చూపలేదు. అన్యాయం అనుభవించిన మనిషి, ఆ అనుభవం నుంచి తప్పుడు నిర్ణయానికి రావటం కళ్ళ ముందు జరుగుతుంది. పక్కనుంచి ఒక మంచి మాట వినిపిస్తుంది. రెంటి మధ్యా దూరం అలాగే వుండిపోతుంది. చైతన్యం ఒక ఉపన్యాసంతో వచ్చేస్తుందని నమ్మే రచయిత అయితే దియెంగ్ చేత పిడికిలి ఎత్తించేవాడు.

1977లో మృణాల్ సేన్ మన భాషలో తీసిన ‘ఒక ఊరి కథ’ ఇక్కడ గుర్తుకు రావటం సహజం. ప్రేంచంద్ ‘కఫన్’ కథ ఆధారం. సేన్‌కు తెలుగు రాదు. అయినా వెంకయ్య సోమరితనాన్ని ఒక రకమైన తిరుగుబాటుగా మలిచాడు. పనిచేసినా ఆకలే, చెయ్యకపోయినా ఆకలే, అలాంటప్పుడు ఎందుకు చెయ్యాలని అతని వాదం. దియెంగ్ సోమరితనంలో అలాంటి వాదమేమీ లేదు, అది ఉత్త అలవాటు. వెంకయ్య వ్యవస్థను చూసి నవ్వుతాడు, దియెంగ్‌ను చూసి వ్యవస్థ నవ్వుతుంది. రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే, ఆ వాదానికి కోడలు నీలమ్మ చెల్లించిన వెల ఎంతో ఇంకా స్పష్టపడుతుంది.

‘ఖాలా’ (1975) సెంబేన్ సొంత నవల (1973) ఆధారంగా తీసిందే. స్వాతంత్ర్యం వచ్చింది. వాణిజ్య మండలి నుంచి తెల్లవాళ్ళను బయటికి పంపించి, ఫ్రాన్సు చిహ్నమైన బొమ్మల్ని మెట్ల మీద పెట్టేసి, నల్ల వ్యాపారులు కుర్చీల్లో కూర్చుంటారు. కాసేపటికి అదే తెల్లవాళ్ళు తోలుపెట్టెలతో తిరిగొస్తారు, పెట్టెల నిండా నోట్లు. నయావలస పాలన అంటే ఏమిటని విద్యార్థి అడిగితే, గ్రంథాలు చూపించే ముందు ఈ దృశ్యం చూపించవచ్చు. ఆ వ్యాపారుల్లో ఒకడైన ఎల్ హాజీ మూడో పెళ్ళి చేసుకుంటాడు. ఆ రాత్రే నపుంసకత్వం పట్టుకుంటుంది, ఖాలా అంటే ఆ శాపం. ఫ్రాన్సు నుంచి దిగుమతైన సీసా నీళ్ళు అతని కారు కడగటానికీ వాడతారు. దళారీ బూర్జువా వర్గానికి పుట్టించే శక్తి లేదన్న సిద్ధాంత వాక్యాన్ని పడకగదిలో పెట్టి నవ్వించటం సామాన్యమైన పని కాదు.

ఈ సినిమా విషయంలో డిస్కుతో ఒక ప్రమాదం వుంది, చూసేవాళ్ళు జాగ్రత్తపడాలి. పాత్రలు ఏ భాషలో మాట్లాడుతున్నాయన్నదే ఇందులో సగం అర్థం. తండ్రి ఫ్రెంచిలో అడిగితే కూతురు రామా వొలోఫ్‌లో జవాబిస్తుంది. పతనమైన తర్వాత ఎల్ హాజీ వాణిజ్య మండలిలో వొలోఫ్‌లో మాట్లాడతానంటే, తోటి సభ్యులు వీల్లేదంటారు. తిట్టుకోవటానికి కూడా అక్కడ ఫ్రెంచే కావాలి. కింద వేసిన ఇంగ్లీషు అక్షరాలు మాత్రం రెండు భాషల్నీ ఒకే ఇంగ్లీషు చేసి పారేస్తాయి. అక్షరాలు చదువుతూ చెవులు మూసుకుంటే సినిమా చెయ్యిజారుతుంది. రెండు భాషలూ రాకపోయినా ఫర్వాలేదు, ఫ్రెంచికీ వొలోఫ్‌కూ వున్న ధ్వని తేడా అయిదు నిమిషాల్లో పట్టుబడుతుంది.

నవల చివర్లో, ఎల్ హాజీ ఇంట్లో బిచ్చగాళ్ళు అతని మీద వుమ్ముతూ వుండగా, బయట పోలీసులు తుపాకులు ఎక్కుపెడతారు. సినిమాలో ఆ తుపాకులు లేవు. వుమ్ములో మునిగిన ఒళ్ళు దగ్గర బొమ్మ నిలిచిపోతుంది. ఎందుకు తీసేశాడు? సెన్సారు భయం అనుకోవటానికి లేదు, ఆ సినిమాను సెనెగల్ సెన్సారు ఎటూ నరికింది. సెంబేన్ తీసేసిన దృశ్యాల వివరాలు కరపత్రాలుగా అచ్చువేసి జనానికి పంచిపెట్టాడు. నాకు తోచిన కారణం ఇది: సినిమాలో పోలీసు లారీ మధ్యలోనే వచ్చింది, బిచ్చగాళ్ళను ఊరి బయట పారేసి వచ్చింది. రాజ్యం ఎవరి చేతిలో వుందో ప్రేక్షకుడికి తెలుసు. చివరి క్షణాన్ని అతను బిచ్చగాళ్ళకు వదిలేశాడు. అయినా నవల ముగింపే కఠినమైనదని నేననుకుంటాను. తుపాకి లేని ముగింపులో ప్రేక్షకుడు తృప్తిగా లేచిపోయే వీలుంది. ఇంకో తేడా కూడా చూడండి: పల్లెటూరి రైతు దగ్గర ఊరి ఉమ్మడి సొమ్ము కొట్టేసిన జేబుదొంగే, చివరికి మండలిలో ఎల్ హాజీ ఖాళీ చేసిన కుర్చీలో కూచుంటాడు. కుర్చీ ఖాళీగా వుండదు. ఈ చిన్న మలుపు పక్కన, వుమ్మటం కాస్త అరిచినట్టే అనిపిస్తుంది.

‘ఎమితాయ్’ (1971) గురించి కొద్దిగా. రెండో ప్రపంచ యుద్ధకాలం, కాజమాన్స్‌లో దియోలా పల్లె. ఫ్రెంచి సైన్యం ముందు కుర్రాళ్ళను పట్టుకుపోతుంది, తర్వాత బియ్యం లెవీ అడుగుతుంది. ఆడవాళ్ళు బియ్యం దాచేస్తారు. వాళ్ళను ఎండలో కూచోబెడతారు. మగవాళ్ళు దేవుళ్ళతో సంప్రదింపులు జరుపుతూ వుంటారు. మధ్యలో పెతాఁ బొమ్మ తీసి ద గోల్ బొమ్మ అతికిస్తారు. ఏడు నక్షత్రాల మార్షల్ పోయి రెండు నక్షత్రాల జనరల్ ఎలా వచ్చాడని నల్ల సిపాయికి అర్థంకాదు. లెవీ ధాన్యం పేరు వింటే తెలంగాణ పల్లెలకు చెప్పనక్కరలేదు. నడక నిదానం, ఓపిక కావాలి. చివర తెర నల్లబడుతుంది, తుపాకుల మోత మాత్రం వినిపిస్తుంది.

‘చెడ్డో’ (1977) మీద సాహిత్య విద్యార్థులకు ప్రత్యేకమైన ఆసక్తి వుండాలి, ఎందుకంటే దాన్ని ఒక అక్షరం కోసం నిషేధించారు. మతం మారటానికి ఒప్పుకోని జనాన్ని చెడ్డో అంటారు. రాజు మతం మారాడు, ఇమాము రాజ్యం కాజేస్తాడు, తెల్ల వర్తకుడు తుపాకులకు బదులు మనుషుల్ని కొంటాడు, పాద్రీ వేచి వుంటాడు. చివరికి రాకుమారి తుపాకి తీసుకుని ఇమామును కాల్చేస్తుంది. ఇస్లాం, క్రైస్తవం, బానిస వ్యాపారం మూడింటినీ ఒకే పల్లె మైదానంలో నిలబెట్టి ఎవరినీ వదిలిపెట్టని సినిమా. శతాబ్దాల చరిత్రను కొన్ని రోజుల్లోకి కుదించటంలో బిగింపూ వుంది, అతిసరళీకరణా వుంది. బానిసలకు కాల్చి ముద్రలు వేస్తున్నప్పుడు అమెరికా నల్లవాళ్ళ చర్చి పాట వినిపించటం చరిత్ర దృష్ట్యా అసాధ్యం. ఓడ ఎక్కబోయేవాళ్ళ చెవిలో ఓడ దిగినవాళ్ళ మనవల పాట అది. అసాధ్యమైనా ఆ దృశ్యం దానివల్లే నిలబడింది. ఇక నిషేధం: వొలోఫ్ మాటలు ఎలా రాయాలో సెనెగల్ ప్రభుత్వం శాసనం చేసింది, దాని ప్రకారం ఈ మాటకు ఒకే ‘డ’ వుండాలి. సెంబేన్ రెండు పెట్టాడు. తియ్యనన్నాడు. అధ్యక్షుడు సెంగోర్ స్వయంగా కవి, ఫ్రెంచి వ్యాకరణంలో దిట్ట. ఆయన అధికారంలో వున్నంతకాలం సినిమా అక్కడ ఆడలేదు. ఆయన 1980 చివర పదవి వదిలాడు, 1983లో ఫ్రెంచి అకాడెమీకి ఎన్నికయ్యాడు. ద్విత్వాక్షరం వెనక మతపెద్దల కోపం, ప్రభుత్వ భయం వున్నాయని అందరికీ తెలుసు. అయినా జనం మాటను ఎలా రాయాలో చెప్పే హక్కు ఎవరిదన్న ప్రశ్న ఉత్త సాకు కూడా కాదు. 1970ల మొదట్లో భాషావేత్త పాతే దియాన్య్‌తో కలిసి ‘కద్దు’ అనే వొలోఫ్ పత్రిక నడిపినవాడు సెంబేన్. ఆ రెండో ‘డ’ అతనికి ఆస్తి తగాదా లాంటిది.

ఇంగ్లీషు వదిలి గికుయులో రాయటానికి గూగీ చేసిన నిర్ణయం మనకు బాగా తెలుసు. కమితి జైల్లో మరుగుదొడ్డి కాగితాల మీద రాసిన నవలను వరవరరావు జైల్లోనే వుండి తెలుగు చేశాడు. సెంబేన్ దారి దానికి పక్కదారి. గూగీ భాష మార్చి పుస్తకంలోనే వుండిపోయాడు, సెంబేన్ నవలను ఫ్రెంచిలోనే వుంచి వొలోఫ్‌ను తెరమీదికి తీసుకుపోయాడు. ఎవరిది సరైన దారి అని తీర్పు చెప్పటం నా పని కాదు. కానీ సెంబేన్ రాయటం మానలేదన్నది గమనించాలి. ‘నల్లపిల్ల’లోనూ ‘మందబి’లోనూ అతను స్వయంగా కనిపిస్తాడు, రెండుసార్లూ చదువురానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టే, చదివిపెట్టే మనిషిగా. రచయిత పని ఏమిటని అతన్ని అడిగితే బహుశా ఆ బల్ల వైపు చూపించేవాడు.

ఇప్పుడు డిస్కు సంగతికి వద్దాం. సినిమాను సెంబేన్ రాత్రిబడి అనేవాడు. రీళ్ళ పెట్టెలు మోసుకుని ఊళ్ళు తిరిగేవాడు, చూపించిన తర్వాత జనంతో వాదించేవాడు. ఆ వాదన కూడా సినిమాలో భాగమే అతనికి. ఇంట్లో ఒంటరిగా డిస్కు పెట్టుకుని చూసేవాడికి ఆ సగం దక్కదు. అది ఒక నష్టం. అంతకన్నా మోటుగా కనిపించే నష్టం ఇంకొకటి వుంది. బ్లూ-రే డిస్కుల వ్యాపారులు ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికాలది ఎ ముక్క, ఆఫ్రికాది యూరపుతో కలిపి బి ముక్క, మనది సి ముక్క. ఒక ముక్కకు తాళంవేసి చేసిన డిస్కు మరో ముక్కలో కొన్న యంత్రం మీద ఆడదు. అంటే అమెరికాలో అచ్చయిన ‘మందబి’ని దియెంగ్ మనవడు డకారులో కొన్న యంత్రంలో పెడితే, ఈ ప్రాంతానికి చెల్లదని తెర మీద కాగితం ముక్క లాంటి ఒక వాక్యం వస్తుంది. మనియార్డరు వచ్చింది, గుర్తింపు కార్డు లేదు.

ఈ సంస్థలు చేసిన మరమ్మతు పని గొప్పదే, దాన్ని కాదనటంలేదు. చెరిగిపోతున్న రంగులు తిరిగి వచ్చాయి, వొలోఫ్ మాటలు తేటగా వినిపిస్తున్నాయి. 1944 డిసెంబరు 1న జీతాలు అడిగిన నల్ల సిపాయిల్ని ఫ్రెంచి సైన్యం కాల్చి చంపిన ఘటన మీద, సెంబేన్ 1988లో థియెర్నో ఫాతీ సోతో కలిసి ‘థియారోయ్ శిబిరం’ తీశాడు. దాన్ని కూడా మరమ్మతు చేసి 2024 మే నెలలో కాన్‌లో చూపించారు. ఆ ఏడు నవంబరులో ఫ్రాన్సు అధ్యక్షుడు అది ఊచకోతేనని సెనెగల్ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. సినిమా ఆ మాట ముప్పై ఆరేళ్ళ ముందే చెప్పింది.

మన ఊళ్ళలో 1980లలో వీడియో పార్లర్లు వుండేవి. ఒక టీవీ, ఒక క్యాసెట్ యంత్రం, బల్లల మీద యాభైమంది. అక్కడ ఏం చూపించేవారో అందరికీ తెలుసు, పొగడనక్కరలేదు. కానీ ఇంటి తెర అంటే ఒంటరి తెరే కానక్కరలేదని అవి రుజువు చేశాయి. ప్రతులు సంపాదించగలిగిన శాఖలు ‘బోరోం సారెత్’తో మొదలుపెట్టవచ్చు. ఇరవై నిమిషాలే గనక చూసిన తర్వాత మాట్లాడుకోవటానికి సమయం మిగులుతుంది. ఇంగ్లీషు అక్షరాలు అందనివాళ్ళ కోసం పక్కన ఒకరు కూచుని తెలుగులో చెబుతూ వుండాలి. దీనికి గొప్ప అనువాదకుడు అక్కర్లేదు, పోస్టాఫీసు బయట ఉత్తరాలు చదివిపెట్టే మనిషికుండే ఓపిక చాలు. మరుసటి వారం ‘మందబి’.